ఈకల గాలంతో కళింగపట్నం

నాలుగు నెలలుగా మా ఇంట్లో చేప ఉడకలేదు. నేను పుట్టింది కళింగపట్నంలో, చేపల వ్యాపారం చేసే ఇంట్లో. పలక పట్టకముందే ముల్లు ఏరుకుని తినడం నేర్చినదాన్ని. అలాంటి నన్ను విజయనగరం తెచ్చి బీరకాయ మీద బతికించిన ఘనత మా ఆయనది. ఈ ప్రయాణం ఎందుకు చేశారని అడిగేవాళ్ళకి నా దగ్గర ఒకటే జవాబు. నాకు చేప కావాలి.

సంగతేమిటంటే, జూట్ మిల్లులో పనిచేసిన ఇంజనీరు దొర ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ బంగళాలో సామాను వేలం వేశాడు. బుద్ధున్నవాళ్ళు మంచాలూ కుర్చీలూ కొనుక్కున్నారు. కచేరీలో గుమాస్తా అయిన మా ఆయన గాలం కొన్నారు. మూడు ముక్కలుగా ఊడే వెదురు కర్ర, తిప్పితే టిక్కుటిక్కుమనే చక్రం, దానికి చుట్టిన పట్టుతాడు, రేకు డబ్బా నిండా ఈకలతో కట్టిన దొంగ ఈగలు. వాటితో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం. దాని ప్రకారం గాలానికి ఎర గుచ్చకూడదట. వానపాముగానీ రొయ్యగానీ గుచ్చేవాడు పెద్దమనిషి కాడట. ఈకనే ఈగలాగా నీటి మీద వాల్చి చేపను మోసం చెయ్యాలట. మోసానికి కూడా మర్యాద కావాలని ఆ దొరలకి ఎవరు చెప్పారో!

కచేరీలో తోటివాళ్ళు నవ్వారు. ఆయన ఆ ఉక్రోషం అక్కడే వదలక ఇంటికి మోసుకొచ్చారు. నా నెత్తిన చెయ్యి పెట్టి, “ఈ కర్రతో, ఈ ఈకలతో నేనొక చేప పట్టేదాకా మనిద్దరం చేప ముట్టం, నీ మీద ఒట్టు” అనేశారు. ఒట్టు తప్పితే పోయేది నేను. పంతం ఆయనది, తల నాది. ఊళ్ళో చెరువులన్నీ అయిపోయాయి, ఒక్క కప్ప కూడా ఆ ఈక వైపు చూడలేదు. చివరికి నేనే శుక్ర, శనివారాలు సెలవు పెట్టించాను. శ్రీకాకుళంలో నాగావళి మంచినీళ్ళు, కళింగపట్నంలో ఉప్పునీళ్ళు. రెండు చోట్లా చూస్తే ఎక్కడో ఒక తెలివితక్కువ చేప తగలకపోదని నా ఆశ.

శుక్రవారం తెల్లవారుతుండగా విజయనగరంలో పాసింజరు ఎక్కాం. మూడో తరగతి పెట్టె అప్పటికే కిటకిటలాడుతోంది. మా పక్కన ఒక బెల్లం వ్యాపారి రెండు బస్తాలతో కూర్చున్నాడు. గరివిడి దాటేసరికి పెట్టె నిండా చీమలు. పట్టుతాడు నీటి మీద తేలాలంటే కొవ్వు పట్టించాలని పుస్తకంలో ఉందని, మా ఆయన ముందురోజు రాత్రి దానికి ఇంట్లో నెయ్యి రాశారు. చేపలేని పప్పులోకి ఆ నెయ్యయినా మిగల్లేదు. పాపం బెల్లం వ్యాపారి ఆ చీమలు తన బస్తాలోంచే వచ్చాయనుకుని చేతులు జోడించి మరీ క్షమించమన్నాడు. మా ఆయన పెద్ద మనసు చేసుకుని క్షమించారు.

తొమ్మిది దాటాక శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, ఇడ్లీ తిని, ఊళ్ళోకి బస్సెక్కాం. ఇటు రాబోయేవారికి ఒక మాట. పొడుగాటి సంచీ ఏదీ తీసుకురాకండి. ఈ మధ్య కొండల వైపు నక్సలైట్ల గొడవల వల్ల జిల్లా అంతా పోలీసులే. బస్టాండులో ఒక కానిస్టేబులు గాలం సంచీ విప్పించాడు, తుపాకీ దొరికినంత సంబరంగా. తీరా చూస్తే వెదురు కర్ర. రేకు డబ్బా తీశాడు, ఈకలు. ఒకటి వేలితో తిప్పి చూసి, “కోడిని ఏటి సేసినారు?” అని అడిగాడు.

నాగావళి ఒడ్డున మా ఆయన కర్ర బిగించారు. ఈ గాలం విసిరేవాడికి తల వెనక కూడా చాలా ఖాళీ ఉండాలి. తాడును ముందుకీ వెనక్కీ ఊపి ఊపి విసరాలి. నదికి తేలిక తాడు, చిన్న ఈక. కర్రకి తగ్గ బరువు తాడుకి లేకపోతే అది ముందుకు పోదు. ఇదంతా ఆయన ఒడ్డున మూగిన జనానికి ఉపన్యాసం ఇచ్చి, విసిరారు. మొదటిసారి వెనక ఆరేసిన దుప్పటి పడింది. రెండోసారి తుమ్మకొమ్మ పడింది. స్నానం చేస్తున్న ముసలాయన ఒకాయన ఆ ఊపుడు చాలాసేపు చూశాడు. “ఏటి బాబూ, ఈగలు తోల్తన్నారా?” అన్నాడు, చాలా మర్యాదగా. మధ్యాహ్నానికి మూడు ఈకలు చెట్టు మీద, ఒకటి మా ఆయన చొక్కా మీద. భోజనానికి వెళితే మా హోటలు పక్కనే మిలటరీ హోటలు. గోడ అవతల వేగుతున్న చేప వాసన ఇవతల నా విస్తట్లో వంకాయ కూర మీదికి వస్తోంది. ఏడుపొచ్చింది.

సాయంత్రం బస్సులో కళింగపట్నం చేరాం. అమ్మ గుమ్మంలోకి రాకముందే పులుసు వాసన వచ్చింది. ఒట్టు సంగతి చెప్పి మజ్జిగన్నం పెట్టమన్నాను. అమ్మ అల్లుడితో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గరిటె కింద పెట్టి అడిగింది.

“నా కూతురు తల మీద ఒట్టేటి బాబూ, మీకు తల నేదా?”

మా ఆయన మజ్జిగ ఇంకొంచెం పోయించుకున్నారు.

శనివారం పొద్దున్నే వంశధార సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం. వెంట మా అన్న దానయ్య తన విసురువలతో వచ్చాడు. ఉప్పునీటికి గాలం వేరే ఉండాలని పుస్తకం. కర్ర గట్టిది, తాడు పొడుగుది, ఈక చిన్న చేపంత పెద్దది. పని అయ్యాక సామానంతా మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే ఉప్పు చక్రాన్ని తినేస్తుంది. మాకున్నది ఆ ఒక్క కర్రే. కాబట్టి డబ్బాలో ఉన్నవాటిలో పెద్ద ఈక కట్టి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. సముద్రం గాలికి తాడు తిన్నగా వెనక్కొచ్చి ఆయన మెడకే చుట్టుకుంటోంది.

“బావా, ఎర నేకుండా సేప ఎందుకొస్తాది?” అన్నాడు అన్న.

“ఆకలితో కాదోయ్, కోపంతో వస్తుంది. పుస్తకంలో ఉంది” అన్నారు.

“మన మీద దానికి కోపమేటి?”

ఆ ప్రశ్నకి పుస్తకంలో జవాబుందేమో చూడ్డానికి మా ఆయన ఒడ్డున పాక నీడకి వెళ్ళారు. పోతూ పోతూ కర్ర నా చేతికిచ్చి, “ఊరికే పట్టుకో, ఏమీ చెయ్యకు” అన్నారు.

నాలుగు నెలలు ఏమీ చెయ్యకుండానే ఉన్నాను. అన్న బుట్టలో వలలో పడిన రొయ్యలు ఎగురుతున్నాయి. ఒక లావుపాటిదాన్ని తీసి ఈక మీద గుచ్చాను. పోటు తిరుగుతున్న నీళ్ళలో, ఏరు లోతుగా పారే కాలవ అంచున వదిలాను. అక్కడ ఏముంటుందో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అట్టే ఆలస్యం కాలేదు, కర్ర విల్లులా వంగింది.

ఒడ్డుకి లాగడం నాకొక లెక్క కాదు. కానీ నేను లాగేస్తే అది ఆయన చేప అవుతుందా? ఒట్టు అలాగే ఉంటుంది, బీరకాయా ఉంటుంది. తాడు వదులుతూ, బిగిస్తూ, గొంతు చించుకుని పిలిచాను. కళ్ళజోడు ఒకచోట, చెప్పులు ఒకచోట పారేసుకుంటూ వచ్చి కర్ర అందుకున్నారు. చక్రం పిడి గిర్రున తిరిగి ఆయన వేళ్ళు చితక్కొట్టింది. అన్న రొమ్ము లోతు దిగి, చేప దవడ కింద చెయ్యి వేసి ఒడ్డుకి విసిరాడు. పండుగప్ప! వెండిలా మెరుస్తోంది. నాకు నోరూరింది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

దాని నోట్లో ఈకతో పాటు సగం రొయ్య కూడా వేలాడుతోంది. అన్న నా వంక చూసి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మా ఆయన వంగి, చాలాసేపు పరీక్షగా చూశారు.

“చూశావా? నోట్లో రొయ్య ఉండి కూడా, దాన్ని సగంలో వదిలేసి నా ఈక కోసం వచ్చింది” అన్నారు.

ఆ మధ్యాహ్నం అమ్మ పులుసు పెట్టింది. మొదటి ముద్దకే కళ్ళంట నీళ్ళు కారాయి, కారం అన్నాను. ఆయన అవతల కూర్చుని, అమ్మ దూరం నుంచి మోసి తెచ్చుకున్న మంచినీళ్ళు కుండెడు పోసి చక్రం కడిగారు.

మూడింటికి శ్రీకాకుళం రోడ్డులో తిరుగు పాసింజరు. చేప ఎంతుందో మా ఆయన చేతులు చాపి చూపిస్తూ వచ్చారు. దూసిలో జానెడున్నర ఉన్నది చెప్పిన ప్రతిసారీ కొంచెం ఎదిగి, పొందూరు వచ్చేసరికి పెట్టెలో పట్టలేదు. పొందూరులో ఎక్కిన ఖద్దరు పెద్దాయన అంతా విని చప్పరించేశాడు. సముద్రం దగ్గర ఎవరికైనా పడతాయని, దమ్ముంటే నదిలో పట్టాలని తేల్చేశాడు.

మా ఆయన ముఖం ఎర్రబడింది. “పడతాను! నదిలో కూడా పట్టేదాకా మనిద్దరం...” అంటూ నా నెత్తి మీదికి చెయ్యెత్తారు.

ఆ మణికట్టు గాల్లోనే పట్టుకున్నాను.

“చెయ్యి దించండి. ఆ చేప మీ ఈక చూసి రాలేదు. రొయ్య నేను గుచ్చాను. ఇంక నా తల జోలికి రాకండి.”

పెద్దాయన కిటికీలోంచి పొలాలు చూడ్డం మొదలుపెట్టాడు. పదిమందిలో మొగుడి పరువు తీశానని నాకు భయం వేసింది, జాలి కూడా వేసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. చీపురుపల్లిలో ఆయన డబ్బా తెరిచి ఈకలు లెక్కపెట్టారు. నెల్లిమర్లలో మళ్ళీ లెక్కపెట్టారు.

మొత్తం మీద ఈ ప్రయాణం నాకు బాగానే ఉంది. బస్సులు సమయానికి వస్తాయి, కళింగపట్నంలో గాలి చల్లన. ఈకల గాలం పట్టుకెళ్ళేవారు మాత్రం నదికి ఒకటి, సముద్రానికి ఒకటి రెండు కర్రలు కొనుక్కోండి, తాడుకి నెయ్యి రాయకండి, పెళ్ళాన్ని వెంట తీసుకెళ్ళండి.

చీకటి పడే వేళకి విజయనగరంలో దిగి రిక్షా ఎక్కాం. “చేపల బజారు మీదుగా పోనీ” అన్నారు మా ఆయన. పొందూరు తర్వాత అదే మొదటి మాట. బజారులో దిగి, బేరం కూడా ఆడకుండా కిలో చేప తూయించారు. తర్వాత పక్క తట్ట దగ్గర ఆగి, గుప్పెడు రొయ్యలు ఏరి, విడిగా ఆకులో పొట్లం కట్టించారు.

అవి కూరకి చాలవన్నాను.

“కూరకి కాదు” అన్నారు, అటు తిరిగి. “రేపు ఆదివారం.”