కెప్టెన్ ఒరీనా ఆఖరి మాట

పంజగుట్ట నుంచి అమీర్‌పేటకు నడిచే జనంలో జానకీదేవిని చూస్తే ఏ బ్యాంకులోనో రిటైరైన మనిషి అనుకుంటారు. నేత చీర, భుజాన గుడ్డసంచి, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. ఆమె గొంతుతో బతుకుతుందని వీధిలో ఎవరికీ తెలియదు. ముప్పై ఒక్కేళ్లుగా డబ్బింగ్ చెబుతోంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు, కోడలి కాళ్లు పట్టుకున్న అత్తలు, ఆస్పత్రి వరండాల్లో కూలబడే అక్కలు, అందరి తరఫునా ఆమే ఏడ్చిపెట్టింది. ఏడుపులో జానకమ్మను మించినవాళ్లు లేరని స్టూడియోల్లో పేరు. డైలాగు మార్చి చెప్పమని ఆమె పని ఇన్నేళ్లలో ఒక్కసారీ వెనక్కి రాలేదు. స్టూడియోల్లో ఆ సంగతి ఎవరడిగినా చెప్పేది, అడగకపోయినా చెప్పేది.

అలాంటి మనిషికి ఐదేళ్ల క్రితం ఒక అంతరిక్ష నౌకను అప్పగించారు. ‘ధూళిదారి’ అనే విదేశీ సిరీస్. భూమి విడిచి, ఎవరు పంపారో తెలియని ఒక సంకేతం వెంట పడి పోయే నౌక. దాని కెప్టెన్ ఒరీనా. ఏడవదు, బతిమాలదు, నలుగురు చచ్చినా టీ తాగి పనిలోకి దిగుతుంది. జానకీదేవి తన గొంతును రెండు మెట్లు దించి, కాస్త గరుకు కలిపి ఆమెకు ఇచ్చింది. మొదట్లో ‘ఇదేం ఆడదండీ బాబూ’ అని విసుక్కుంది. రెండో సీజన్‌కి కూరగాయల బండి దగ్గర ఒరీనాలాగే బేరమాడటం మొదలుపెట్టింది.

చివరి ఎపిసోడ్ దగ్గరే వచ్చింది తంటా. కథ బయటికి పొక్కుతుందన్న భయంతో కంపెనీవాళ్లు తెరంతా నల్లగా చేసి, మాట్లాడే నోరు మాత్రం కనిపించేలా ఒక గుండ్రటి కన్నం వదిలారు. అసలు నటి గొంతు తీసేసి, ఎవరో చప్పగా చదివింది పెట్టారు. డైలాగులు కూడా ముందువి వెనక, వెనకవి ముందు. ఎదుట ఎవరున్నారో, ఎక్కడ నిలబడ్డారో తెలియదు. ఆఖరిదని చెప్పిన డైలాగు ఇది: “దారి నీకు తెలుసు. ఇక నన్ను అడక్కు.” ఆ మాటకు ముందు కన్నంలో పెదవులు సన్నగా వణికాయి.

పెదవి వణికిందంటే ఏడుపే. ముప్పై ఒక్కేళ్లలో ఆమె చూసిన పెదవులన్నీ అందుకే వణికాయి. జానకీదేవి ఒక ఎక్కిలి మింగి, గొంతు తడి చేసుకుని చెప్పింది. డబ్బింగ్ డైరెక్టర్ రవికాంత్ అద్దం అవతలి నుంచి బొటనవేలు ఎత్తాడు. ఇంటికి వచ్చాక ఆమెకు నిద్రలో కూడా అదే ధ్యాస. ఇంతకీ ఒరీనా చచ్చిందా? ఆ సంకేతం పంపిందెవరు? ఐదేళ్లు నోరిచ్చిన మనిషికి ఒరీనా గతేమైందో తెలియకపోవడం ఎంత విడ్డూరం!

ఎపిసోడ్ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఆమె తన ఫోన్‌లో చూసుకోవచ్చు. కానీ ఒంటరిగా చూస్తే కథ తెలుస్తుంది, జనం ఏమనుకున్నారో తెలియదు. అందుకే తన ఇంటి కిందనున్న రాజమ్మ లేడీస్ హాస్టల్ హాల్లోకి వెళ్లి కుర్చీ వేసుకుంది. తన పని సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజం చెప్పరు. రాజమ్మ వంటింట్లో కోడికూర మీద ఉంది. హాల్లో మైత్రీవనంలో కోచింగ్ తీసుకునే పిల్లలు ఓ పాతికమంది. వాళ్లలో జగిత్యాల సంగీత అంటే అందరికీ కొంచెం భయం. ఏది చూసినా ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు అని కాగితం మీద రాసి, నోటీసు బోర్డుకు, నీళ్లొచ్చే టైముల పక్కన, గుచ్చిపెడుతుంది.

గంటన్నర ఎవరూ కదల్లేదు. నౌక రెండు ముక్కలైంది. బాగున్న ముక్కలో జనం, విరిగిన ముక్కలో ఒరీనా ఒక్కతే. ప్రతి మలుపులోనూ దారి అడిగే కుర్ర పైలట్ ఆఖరికి రేడియోలో “ఎటు తిప్పను కెప్టెన్?” అన్నాడు. తెర మీద ఒరీనా మొహం నిండుగా కనిపించింది. కళ్లు మెరుస్తున్నాయి, పెదవులు వణుకుతున్నాయి, నవ్వు ఆపుకోలేక. ఆ నవ్వుమొహంలోంచి జానకీదేవి ఏడుపు వచ్చింది.

జానకీదేవి కుర్చీని చప్పుడు కాకుండా కాస్త వెనక్కి జరుపుకుంది.

టీవీ ఆపగానే కొట్లాట మొదలైంది. “చేరిన గ్రహం చూపించకపోవడం సూపర్ అసలు,” అంది భీమవరం సుమశ్రీ. “చూపించుంటే ఏముంటుంది, నాలుగు గ్రాఫిక్స్ కొండలు.”

“గది ప్లస్సే,” అంది సంగీత, అప్పటికే కాగితం తీసి. “పైలట్ భయం పోవుడు సుత ప్లస్సే. కానీ ఐదేండ్లు తిప్పిన సంకేతం ముచ్చట రెండు నిమిషాల్ల తేల్చిండ్రు. రాబోయే కాలం నుంచి వీళ్లకు వీళ్లే పంపుకున్నరంట! చిన్నపిల్లలకు చెప్పినట్టుంది. నడుమల మాయమైన గా సైన్యాధికారి ఏమైండో అడిగెటోడు లేడు. గిన్నిట్లో పెద్ద మైనస్ ఆఖరి మాట.”

“ఏడిపించింది కదే,” అంది సుమశ్రీ.

“మొకం నవ్వుతుంటే గొంతు ఏడుస్తదా? ఆగు.” సంగీత రిమోట్ తీసుకుని భాష ఇంగ్లిష్‌కి మార్చి, అదే చోటు మళ్లీ పెట్టింది. అసలు నటి సన్నగా నవ్వింది, పిల్లాడు మొదటిసారి సైకిలెక్కినప్పుడు వెనకాల చెయ్యి వదిలేసిన తల్లి నవ్వినట్టు. “విన్నరా? ఆమె చస్తున్నదని ఏడుస్తలేదు. గీ పైలట్ పోరడు ఇంక సుత దారి అడుగుతుండని నవ్వింది. తెలుగుల చెప్పినామె ఎవరోగాని, మొత్తం ఎండింగ్ ఖరాబ్ చేసింది. ఆంటీ, మీరు చెప్పుండ్రి, కాదా?”

“అవునమ్మా,” అంది జానకీదేవి. “ఖరాబే చేసింది.”

మర్నాడు పొద్దున్నే ఆమె స్టూడియోకి వెళ్లి, ఆఖరి మాట మళ్లీ చెబుతానంది. రవికాంత్ నెత్తి గోక్కున్నాడు. “ఎవ్వరు చూస్తరు మేడం గంత బారీకుగా? మస్తు నడుస్తుంది సిరీస్. మార్చి పంపొచ్చు, కాదనను. కానీ ఎందుకు మారుస్తున్నమో, తప్పెవరిదో మెయిల్‌ల రాయాలె. నల్లతెర పంపింది వాళ్లే గదా, ఊకోండ్రి.”

నిజమే, తెర నల్లగా ఉంది. కానీ ఒరీనాతో ఐదేళ్లు ఉన్నది తను. ఆ మనిషి ఏడవదని కన్నం లేకపోయినా తెలిసి ఉండాల్సింది తనకే. పెదవి వణకగానే పాత అలవాటుకు లొంగిపోయింది. జానకీదేవికి సిగ్గేసింది, దాని వెనకే రోషం కూడా వచ్చింది.

“నా పేరు రాయండి. ఆర్టిస్టు పొరపాటు అని రాయండి.”

“ముప్పై ఒక్కేండ్ల పేరు మేడం. కొత్త సిరీస్‌కి గొంతులు చూస్తుండ్రు వాళ్లు, గిప్పుడే.”

“తెలుసండీ. రాయండి.”

కొరివితో తల గోక్కోవడం అంటే అదే. రవికాంత్ రాశాడు. ఈసారి తెరంతా కనిపిస్తుండగా ఆమె మైకు ముందు నిలబడింది. నవ్వు రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఏడవమంటే ఎంతసేపైనా ఏడ్చే గొంతు నవ్వమంటే మొరాయించింది. పద్నాలుగుసార్లు చెప్పింది. పదిహేనోసారి మైకు సంగతి, మెయిల్ సంగతి పక్కనపెట్టి, తెర మీది ఆ కుర్ర పైలట్ మొహంకేసి చూసింది. వాడి మీద నిజంగానే నవ్వొచ్చింది.

వారంలో సౌండు మారింది. కొత్త సిరీస్‌కి పిలుపు మాత్రం రాలేదు. మెయిల్ వల్లో, వయసు వల్లో ఎవరూ చెప్పలేదు. ఆమె బాధపడింది, రెండు రోజులు అన్నం సయించలేదు కూడా. మూడో రోజు హాస్టల్‌కి దిగి సంగీతను పట్టుకుంది. “ఆ చివరి ఎపిసోడ్ మళ్లీ ఒకసారి పెడతావా అమ్మా?”

“ఎండింగ్ తెలిసినంక మళ్ల ఎవరు చూస్తరు ఆంటీ? రివ్యూ సుత అయిపాయె,” అని సంగీత బ్యాగు వేసుకుని క్లాసుకు పోయింది. బోర్డు మీద మైనస్ పాయింటు అలాగే ఉంది. జానకీదేవి దాన్ని మళ్లీ ఒకసారి చదువుకుంది. పాతికమంది పిల్లల్లో ఏ ఒక్కరూ ఆ నవ్వు వినరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానా అనుకుంది.

“నేను చూడలే గదా అక్కా,” అంది వెనక నుంచి రాజమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. “ఆనాడు కూర మీదుంటి. పెట్టు, జరసేపు కూసుంట.”

ఇద్దరే కూర్చున్నారు. రాజమ్మకు నౌకలు తెలియవు, సంకేతాలు తెలియవు. అడుగడుగునా “ఈమెవరు, ఆడెవడు” అని అడుగుతూనే ఉంది, జానకీదేవి చెబుతూనే ఉంది. చివరికి పైలట్ దారి అడిగాడు. జానకీదేవి తెరకేసి చూడలేదు, రాజమ్మ మొహంకేసే చూసింది.

“దారి నీకు తెలుసు,” అని నవ్వింది ఒరీనా. “ఇక నన్ను అడక్కు.”

రాజమ్మ ముక్కు ఎగబీల్చింది. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. “గామె సక్కగ నవ్వవట్టె,” అంది. “మరి నాకెందుకు ఏడుపొస్తుందక్కా?”

ముప్పై ఒక్కేళ్లు జానకీదేవి చీకటి గదిలో లోకం కోసం ఏడ్చింది గానీ, తన గొంతు విని ఒక మనిషి ఏడవడం ఎదురుగా కూర్చుని చూడటం ఆమెకు అదే మొదటిసారి.