ముందు పోయి అడిగొచ్చే సాలమ్మ

సాలమ్మ జట్టులో చేరాలంటే నాటు వేగంగా వేయడం వస్తే చాలదు, ఆమె మాట వినాలి. పొద్దు ఉండగానే గట్టెక్కమంటే ఎక్కాలి. ఈ ఊరికి పోవద్దంటే పోకూడదు. జనగామ చుట్టుపక్కల నాట్ల కాలంలో కైకిలికి పోయే ఆడవాళ్ల జట్లు చాలానే ఉండేవి. కూలి ఎక్కువ ఇప్పించే జట్టు పెద్దలు వేరే ఉన్నారు. కానీ పెళ్లి కాని పిల్లలున్న తల్లులు మాత్రం సాలమ్మ దగ్గరికే పంపేవారు.

అందుకు కారణం ఆమె పద్ధతి. కొత్త ఊరి నుంచి పిలుపు వస్తే జట్టును వెంటనే కదిలించేది కాదు. ముందు తానొక్కతే పోయేది. అక్కడి పటేలు మంచివాడా అని అడిగేది కాదు. ఆ ప్రశ్నకు ఎవరైనా ఒకటే జవాబు చెబుతారు. పోయినేడు ఇక్కడ నాట్లేసింది ఎవరు, ఈయేడు వాళ్లెందుకు రాలేదు అని అడిగేది. అదీ ఒకరిని కాదు, ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురిని. కూలీలు పడుకునే కొట్టం చూసేది. తలుపుకు లోపల గొళ్లెం ఉందో లేదో చేత్తో తడిమి చూసేది. ముగ్గురి మాటా కలిస్తేనే జట్టు మూటలు కట్టుకునేది.

ఇది ఊరికే అబ్బిన తెలివి కాదు. రజాకార్ల కాలంలో ఒకసారి, ఎవరో నౌకరు వచ్చి పిలిస్తే నమ్మి జట్టును ఒక దొర పొలానికి తోలుకుపోయింది. వడ్లు దంచాలని దొర ఉండే గడి లోపలికి పిలిచిన వెంకటనర్సమ్మ అనే పిల్ల మళ్లీ బయటికి రాలేదు. కొన్నాళ్లకు బావిలో తేలింది. కాలు జారిందన్నారు. పిల్ల తల్లి సాలమ్మను తిట్టలేదు, కొట్టలేదు. "ముందుగాల పోయి అడిగితే తెలుస్తుండె గదనే" అని మాత్రం అంది. ఆ రోజు నుంచి సాలమ్మ అడగకుండా ఎక్కడికీ పోలేదు.

ఆమెకు పిల్లలు లేరు. అక్క కలరా గత్తర వచ్చి చనిపోతే, అక్క బిడ్డ పుష్పమ్మను తానే పెంచింది.

1950 యాసంగి పంట కాలంలో జట్టు ఒక మోట బావి కింద నాట్లకు పోయింది. అప్పటికి రజాకార్లు పోయి ఊరూరా పోలీసు క్యాంపులు వచ్చాయి. పారిపోయిన దొరలు తిరిగొచ్చారు. దొరల మీద తిరగబడ్డ సంఘం దళాలు మానుకోట, గూడూరు వైపు అడవుల్లోకి పోయాయి. ఆ బావి మీద ఎడ్లతో మోట కొట్టి నీళ్లు తోడే జీతగాడు వెంకట్రాం. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. అతను కాలువ మళ్లించిన ప్రతిసారీ పుష్పమ్మ నాటే మడికే ముందు నీళ్లు పారేవి.

"ఏందే పుష్పా, నీ మడి గిట్ల మెత్తగున్నది? మా మడిల వేళ్లు ఇరుగుతున్నయ్," అంది ఓదెమ్మ. జట్టులో ఆమె నోటికి అందరూ భయపడేవారు.

"నీళ్లు పల్లానికి పోతయ్ అక్కా. నాదేమున్నది?"

"అవునవును. పల్లం ఎటున్నదో మోట కొట్టెటోనికి బాగనే తెల్సు."

ఆడవాళ్లు నవ్వారు. సాలమ్మ నవ్వలేదు. మధ్యాహ్నం జొన్న గటక తిన్నాక నేరుగా బావి దగ్గరికి పోయింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"ఊట్లగూడెం అత్తా. గూడూరు అవతల, అడవి పక్కపొంటి."

"అప్పుడే అత్తను జేసిండు సూడుండ్రి!" అని గట్టు మీద నుంచి ఓదెమ్మ అరిచింది. వెంకట్రాం తల దించుకున్నాడు.

"మీవోళ్లు ఎవరున్నరు?" అని సాలమ్మ అడిగింది.

"ఊరే లేదు. పోలీసోళ్లు ఖాళీ చేయించిండ్రు. గుడిసెలు కాలినయ్. మిగిలినోళ్లను గూడూరు దగ్గర క్యాంపుల వెట్టిండ్రు."

"అయితే అడగనీకె మనుషులున్నరన్నట్టు. పోయి అడిగొస్త."

వెంకట్రాం చేతిలోని మోకు ఆగిపోయింది. "అడగకు అత్తా. ఏం తెల్వాల్నన్నా నన్నడుగు. అక్కడ మాత్రం అడగకు."

"మంచోనివైతే నీకు బుగులెందుకు?"

అతను ఎడ్లను అదిలించి వెనక్కి నడిపించాడు. బొక్కెన బావిలోకి దిగింది.

ఇన్నేళ్లలో అడగొద్దన్న ప్రతిచోటా అడగవలసింది ఏదో ఉండనే ఉందని సాలమ్మకు తెలుసు. ఆ సాయంత్రమే ప్రయాణం కట్టింది.

"పోకు చిన్నమ్మా. వద్దన్నడు గదా," అంది పుష్పమ్మ.

"వద్దన్నడనే పోతున్న. రేపు నిన్ను ఇచ్చినంక నువ్వు బాయిల తేలితే నేనెవర్ని అడగాలె?"

"దొంగోడైతే కన్న అవ్వ పేరు జెప్తడా? మైసమ్మట. కుడిచెవి తమ్మె తెగి ఉంటదట. నాకొక్కదానికే జెప్పిండు."

పుష్పమ్మ అతని తరఫున మాట్లాడాననుకుంది. ఎవరిని వెతకాలో సాలమ్మకు తెలిసింది.

జనగామలో రైలెక్కి, కాజీపేటలో మారి, మానుకోటలో దిగి, గూడూరు పోయే ఎడ్లబండి పట్టుకుంది. క్యాంపు అంటే ముళ్ల కంచె, లోపల వరసగా ఆకు గుడిసెలు. నాలుగైదు గూడేల మనుషులను ఒకేచోట కుక్కారు. గేటు దగ్గర ఎవరి కోసమని అడిగితే, చుట్టాల కోసమని చెప్పి లోపలికి పోయింది.

నీళ్ల దగ్గర కనబడిన మొదటి ఆమెను అడిగింది. ఊట్లగూడెం వెంకట్రాం అనగానే ఆ మనిషి నిండని కుండనే నెత్తికెత్తుకుంది. "నాకు తెల్వది," అని పోయింది.

రెండోవాడు బిక్షం. క్యాంపులో బియ్యం పంచేటప్పుడు వరసలు చూసే మనిషి. అతను మాత్రం పేరు వినగానే దగ్గరికి వచ్చాడు.

"వెంకట్రామా? మావోడే అక్కా. ఎట్లున్నడు? చిక్కిండా?"

"మంచిగనే ఉన్నడు. మా పిల్లనిద్దామని అడగొచ్చిన. గుణమెట్ల?"

"బంగారమసొంటోడు. ఇగ ఎనక ముందు సూడకు. ఏ ఊర్ల ఉన్నడంటివి?"

సాలమ్మ ఊరి పేరు చెప్పింది. ఎవరి బావి మీద మోట కొడుతున్నాడో కూడా చెప్పింది. సొంత మనిషి ఆచూకీ దొరికితే ఎవరికైనా సంతోషమే కదా అనుకుంది.

మూడో మనిషి మైసమ్మ. చివరి గుడిసె ముందు కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కుడిచెవి తమ్మె తెగి ఉంది.

"నీ కొడుకు వెంకట్రాం గురించి అడగొచ్చిన అక్కా," అంది సాలమ్మ.

చేటలో చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది.

"అసొంటోడు నాకు లేడు."

"ఒక పిల్లగాడు నీ కొడుకునని జెప్పుకుంటున్నడు."

"నాకున్నది ఒక్కడే కొడుకు. వానకాలంల గత్తర తగిలి సచ్చిండు. ఇగ నా ముంగట ఆ పేరెత్తకు."

గొంతులో తడి లేదు. సాలమ్మ లేచింది. మైసమ్మ చేట పక్కన పెట్టి, కంచె దాకా వెంట నడిచింది. అటూ ఇటూ చూసి, వేరే సంగతి అడిగినట్టు అడిగింది.

"మీ దిక్కు మోట కొట్టెటోళ్లకు తిండి మంచిగ వెడ్తరా?"

"మంచిగనే వెడ్తరు."

"అంతే తియ్," అని వెనక్కి తిరిగిపోయింది.

రైల్లో సాలమ్మ ముగ్గురి మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఒకామె తెలియదంది. ఒకడు బంగారమన్నాడు. కన్నతల్లి చచ్చాడంది. ముగ్గురి మాటా కలవలేదు. కలవని చోటికి జట్టు పోదు, పిల్ల కూడా పోదు. మోట గురించి మైసమ్మకు తాను ఒక్క మాటైనా చెప్పలేదన్న సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు.

ఇంటికి వచ్చి పుష్పమ్మకు చెప్పింది. "సచ్చినోని పేరు వెట్టుకొని తిరుగుతున్నడు. ఇడిసిపెట్టు."

"చెవి సూసినవా?"

"సూసిన. తెగే ఉన్నది."

"మరి ఎవలో దొంగోనికి ఆ అవ్వ చెవి సంగతి ఎట్ల తెల్సు చిన్నమ్మా?"



తెల్లారి పుష్పమ్మ అందరికన్నా ముందు బావికి బయల్దేరింది, అతన్నే అడుగుదామని. సాలమ్మ వెనకాలే పోయింది. వాళ్లు పోయేసరికి బావి దగ్గర పోలీసు జీపు ఉంది. ఎడ్లు కాడి కిందనే నిలబడి ఉన్నాయి. వెంకట్రాం చేతులు మోట మోకుతోనే వెనక్కి కట్టారు. ముక్కు నుంచి రక్తం కారుతోంది. పుష్పమ్మ ముందుకు ఉరకబోతే, జట్టుతో వెనకే వచ్చిన ఓదెమ్మ నడుము పట్టుకుని ఆపింది.

జమేదారు కోస్తా మనిషి. "గూడూరు వెళ్లి వీడి గురించి అడిగిందెవరమ్మా?" అన్నాడు. అందరి చూపులూ సాలమ్మ వైపు తిరిగాయి.

"నువ్వా? దళానికి బియ్యం మోసినవాడమ్మా వీడు. ఏడాది నుంచి వెతుకుతున్నాం. క్యాంపులో మా మనిషి బిక్షం ఎంత తిరిగినా పట్టలేకపోయాడు. నువ్వు పేరు పెట్టి అడక్కపోతే దొరికేవాడే కాదు. మంచి పని చేశావ్."

జీపు ఎక్కిస్తుండగా వెంకట్రాం తల తిప్పాడు. తిడతాడని సాలమ్మ అనుకుంది.

"మా అవ్వను సూసినవా అత్తా? మంచిగున్నదా?"

కంచె దగ్గర మైసమ్మ అడిగిన మాట సాలమ్మకు అప్పుడు అర్థమైంది.

"మంచిగున్నది బిడ్డా. మోట కొట్టెటోళ్లకు తిండి మంచిగ వెడ్తరా అనడిగింది."

"ఏం జెప్పినవ్?"

"మంచిగనే వెడ్తరని జెప్పిన."

వెంకట్రాం తల ఊపాడు. జీపు పోయింది. ఎడ్ల కాడి ఎవరు విప్పారో సాలమ్మకు గుర్తులేదు. ఆ రోజు నాటు ఆగలేదు. నారు పీకేసి ఉంది, ఎండిపోతుంది.

కొన్నాళ్లకు కబురు వచ్చింది. గూడూరు అడవి అంచున కాల్పుల్లో చనిపోయాడన్నారు. చేతులు కట్టి తీసుకుపోయినవాడు కాల్పుల్లో ఎట్లా ఉన్నాడని ఊర్లో ఎవరూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో అందరూ చూశారు.

ఎండాకాలంలో సాలమ్మ మళ్లీ గూడూరు పోయింది. మైసమ్మ కాళ్ల మీద పడదామని పోయింది. గేటు దగ్గర జవాను ఎవరి కోసమని అడిగాడు. ఈసారి చుట్టాలనే మాట నోట రాలేదు. మైసమ్మ పేరు చెబితే, బిక్షం చెవిన పడి ఆ పేరు ఎక్కడికి చేరుతుందో తెలియదు. కాసేపు కంచె బయట నిలబడి, ఏమీ చెప్పకుండానే బండెక్కింది.

పుష్పమ్మ జట్టు మానలేదు. మానితే తిండి లేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. నాటులో మాత్రం పుష్పమ్మ ఈ చివర ఉంటే సాలమ్మ ఆ చివర. ఎవరైనా సంబంధం తెస్తే, వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి పుష్పమ్మ బయటికి పోయేది. సాలమ్మ ఆ వచ్చినవాళ్లను ఏ ఊరని కూడా అడిగేది కాదు.

తర్వాతి నాట్ల కాలంలో ఇంకో కొత్త ఊరి నుంచి పిలుపు వచ్చింది. తల్లులు మళ్లీ సాలమ్మ ఇంటికే వచ్చారు. ఆమె కాదనలేదు. ముందు పోయింది, పోయినేటి కూలీల గురించి అడిగింది, కొట్టం గొళ్లెం చూసింది, తిరిగొచ్చింది. ఆడవాళ్లంతా చుట్టూ చేరి, పటేలు ఎట్లాంటివాడు, నీళ్లు దగ్గరేనా, పడక ఎక్కడ అని తలా ఒకటి అడిగారు. సాలమ్మ అన్నిటికీ చెప్పింది.

అందరూ అయ్యాక పుష్పమ్మ గడప మీద నుంచి అడిగింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే ఒక్కటి అడిగేది.

"ఎవరి పేరన్న జెప్పినవా?"

"లేదు."

అది విన్నాకే పుష్పమ్మ మూట కట్టుకునేది.