మంగళం దగ్గర ఆగిన దయ్యాల కథ

మా వియ్యపురాలు పోయారన్న సంగతి నాకు మెట్ల మీద తెలిసింది. కింద హాల్లోంచి అల్లుడు "అత్తయ్యా, అమ్మ లేవట్లేదు" అన్నాడు. ఆ గొంతు విన్నాక దిగి చూడాల్సిన పనేమీ మిగల్లేదు. అయినా దిగాను. కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఉన్నారు. ఒళ్ళో పత్తి, వేళ్ళ మధ్య సగం చేసిన ఒత్తి. పని మధ్యలో వదలడం ఆవిడకు గిట్టదు. ఈసారి ఆవిణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు.

కెనడాలో, సస్కటూన్‌లో నా కూతురు, ఆవిడ కొడుకు కాపురముంటున్న ఇంట్లో మేమిద్దరం కొన్నేళ్ళు కలిసి బతికాం. వియ్యపురాళ్ళు ఒక వంటింట్లో మసలడం ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఆవిడ నరసరావుపేటలో పురాణ కాలక్షేపాలు వింటూ పెరిగిన మనిషి. నేను వదినగారూ అంటే ఆవిడా వదినగారూ అనేవారు. ఆ 'గారు' అడ్డం ఉండబట్టి ఎన్నడూ తిట్టుకోలేదు, మర్యాదగా పొడుచుకునేవాళ్ళం. "పులుసు బాగుంది వదినగారూ, రేపు నేను ఉప్పు వేస్తాను" అనేవారు ఆవిడ. నాకు సమాధానం తట్టేసరికి మజ్జిగలోకి వచ్చేసేవారు.

మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. కాలేజీలో సీటు దొరికినంత తేలిగ్గా ఊళ్ళో అద్దెకు బేస్‌మెంట్, అంటే ఇంటి అడుగు వాటా, దొరికేది కాదు. మా బేస్‌మెంట్‌లోకి కరీంనగర్ అమ్మాయి ఒకతె అద్దెకు వచ్చింది. పగలు కాలేజీ, సాయంత్రం నుంచి డోనట్ల కొట్లో పని. ఆ రెంటికీ మధ్య కాస్త ఖాళీ చిక్కితే పైకొచ్చి టీ తాగేది. లైబ్రరీ నుంచి మాంగాలు తెచ్చుకునేది. మాంగా అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథ, మన అరచేతిలో పట్టేంత పుస్తకం. ఒకసారి ఆవిడ ఆ బొమ్మల్లో కత్తి పట్టిన పిల్లను చూసి ఎవరమ్మా ఈవిడ అని అడిగారు. అంతటితో నా సాయంత్రాల ప్రశాంతత ముగిసింది.

కథేమిటంటే, ఒక అమ్మాయి రైల్లో టికెట్లు తనిఖీ చేస్తుంటుంది. ప్రతి స్టేషన్లోనూ మనుషుల మధ్య ఒక దయ్యం ఎక్కుతుంది. దాన్ని పసిగట్టి నరకడం ఈమె అసలు ఉద్యోగం. ఆ విద్య నేర్పిన గురువు, రైలు నడిపే ముసలాయన. కరీంనగర్ అమ్మాయి ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో చెప్పేది, ఆవిడ ఒత్తులు చేసుకుంటూ వినేవారు. దేవుడికి పనికొచ్చే ఒత్తులు దయ్యాల కథ వింటూ చేయవచ్చా అని నేను అడిగాను. "చేతులు దేవుడివి, చెవులు నావి" అన్నారు.

చాలా పుస్తకాల దాకా స్టేషన్‌కో దయ్యం, కత్తికో తల. ఉన్నట్టుండి కథ మారింది. ఆ దయ్యాలన్నిటినీ రైలెక్కిస్తున్నది ఒక్కడేననీ, వాడు ఆ గురువేననీ బయటపడింది. "ఇక్కడి నుంచి పెద్ద ఆర్క్, అంటే అసలు కథ, మొదలైతది నానమ్మా. ఇప్పటిదాక విన్నది ఇంట్రడక్షనే" అంది అమ్మాయి. ఆవిడ చేతిలో పత్తి ఆగింది. చిన్నవాటిని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పెద్దది ఇంట్లోనే ఉందన్నమాట, అన్నారు నెమ్మదిగా.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ ఆయాసం కూడా పెద్ద కథయింది. మెట్లెక్కితే రొప్పు, చలిగాలికి దగ్గు అని సర్దుకుంటూ వచ్చాం. గుండెలో కవాటం పాడైందన్నారు. ఆపరేషన్‌కు రోజు కుదిరింది. ఇంకా ఆలస్యం చేస్తే తరవాత చేయడానికేమీ ఉండదని డాక్టరు మా అందరి ముందే చెప్పాడు.

ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు సాయంత్రం ఆ అమ్మాయి కొత్త పుస్తకం చెప్పింది. ఆఖరి పేజీలో గురువు చేతిలోనే ఆ పిల్ల చచ్చిపోయింది. తరవాతి పుస్తకం లైబ్రరీలో ఎవరో పట్టుకుపోయారు. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని పనికి వెళ్ళింది, మర్నాడు పొద్దున కూడా షిఫ్టు ఉందని చెప్పి మరీ.

ఇక్కడ మీకు ఒక నియమం చెప్పాలి. పురాణం చెప్పేవాళ్ళు చావు ఘట్టం దగ్గర ఆ పూట కథ ఆపరు. ఇంకాస్త ముందుకు లాగి, పెళ్ళో పట్టాభిషేకమో చెప్పి, అక్కడ హారతి ఇచ్చి జనాన్ని ఇళ్ళకు పంపిస్తారు. అశుభం చెవిలో పెట్టుకుని గుమ్మం దాటకూడదని.

మర్నాడు పొద్దున అల్లుడు కారు అద్దాల మీద మంచు గీకి, ఇంజను వేడెక్కించి లోపలికొచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

"నేను రాను."

"భయమేం లేదమ్మా."

"భయం కాదురా. ఆ పిల్ల చచ్చి పడుంది. అది విని నేను ఆపరేషన్ బల్ల ఎక్కను."

భయాన్ని భయం అని పిలిచే అలవాటు ఆవిడకు లేదని నాకు తెలుసు. కానీ దానికి నియమమని పేరు పెట్టేశాక కదిలించేవాళ్ళెవరు? నా కూతురు వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చింది. ఈ డేట్ తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదన్నాడు అల్లుడు. నెట్‌లో చూశాను, తరవాతి దాంట్లో బతుకుతుందట అని కూడా అన్నాడు. "ఆ పిల్ల పేరేమిటి?" అని అడిగారు ఆవిడ. వాడి అబద్ధం అక్కడితో సరి.

బయట ఇంజను తిరుగుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండింది. బల్ల మీదున్న ఆ పుస్తకం లాక్కున్నాను. ఆ అమ్మాయి చెప్పడంలో ఏదో వదిలేసి ఉంటుంది, నేను చదువుతాను వినండి అన్నాను. అంతకుముందు అలాంటి పుస్తకం ముట్టుకున్న పాపాన పోలేదు. అట్ట తిప్పగానే 'ఆగండి' అని పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ముందుమాటలు చదివే అలవాటు నాకు లేదు.

మొదటి బొమ్మలో ఆ పిల్ల వంతెన మీద పడి ఉంది. తరవాతి బొమ్మలో మోకాళ్ళ మీదికి లేచింది. ఆ తరవాత గురువు కత్తి ఒరలోకి పోయింది. దయ్యాల కథలో ఇదేమంత వింత అనుకుని చదువుకుంటూ పోయాను. వాడు "ఎందుకంటే నిన్ను పెంచింది నేనే" అంటాడు, ఆ పిల్ల "నన్నెందుకు చంపడం" అంటుంది. సమాధానం ముందు, ప్రశ్న తరవాత. మా ఇంట్లోనూ అంతే కాబట్టి నాకు అనుమానం రాలేదు. తెగిన వంతెన అతుక్కుంది. దయ్యాలన్నీ ఒక్కొక్కటిగా రైలు దిగి వెళ్ళిపోయాయి. పెద్ద కథ కాస్తా మళ్ళీ చిన్నదైంది. చివరికి గురువూ శిష్యురాలూ స్టేషన్ బెంచీ మీద కూర్చుని వేడి టీ ఊదుకుంటున్నారు.

"ఇక్కడ ఆపండి" అన్నారు ఆవిడ.

తలెత్తి చూస్తే నవ్వు ఆపుకుంటున్నారు.

"అది కుడి నుంచి చదవాలట వదినగారూ. మీరు తిరగేసి చదివారు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే మీరు ఆపేసేవారు."

ఆవిడ లేచి, నా కోటేదిరా అని కొడుకును అడిగారు.

ఆపరేషన్ జరిగినంతసేపూ ఆసుపత్రి గోడ మీద బొమ్మ ఒకటి చూస్తూ కూర్చున్నాను. ఏ బొమ్మో ఇప్పుడు గుర్తు లేదు. డాక్టరు బయటికొచ్చి మాస్కు కిందికి లాగాడు. ఆయన నవ్వాడు.

ఇంటికొచ్చి కోలుకున్నాక అమ్మాయి తరవాతి పుస్తకం తెచ్చింది. ఆవిడ వద్దన్నారు. "చచ్చిన పిల్లను ఎలా బతికిస్తారో నాకెందుకే. టీ తాగుతోందిగా." వేరే కథ పెట్టించుకున్నారు. దాన్నీ దీన్నీ వింటూ, నా పులుసుల్లో ఉప్పు సరిచేస్తూ, ఆవిడ మాకు మరి కొన్ని ఎండాకాలాలు మిగిలారు. ఆ ఎండాకాలాలకు నేను రుణపడి ఉన్నాను. ఎవరికో మాత్రం సరిగ్గా తెలియదు.

దహనం అయ్యాక నలుగురం కార్లో తిరిగొస్తున్నాం. అల్లుడి పక్కన నా కూతురు, వెనక నా పక్కన కరీంనగర్ అమ్మాయి. తనకిప్పుడు ఊరవతల మంచి ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చింది.

"తర్వాత ఏమైందో నానమ్మ అడగనే లేదు మేడమ్" అంది, కిటికీలోంచి చూస్తూ.

"నాకు చెప్పు" అన్నాను.

ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది. వంతెన కింద నది, నదిలోకి జారిపోయిన కత్తి, దాన్ని వెతుక్కుంటూ ఒడ్డుకు వచ్చిన ఎవరో కొత్త మనిషి. ఇంటి మలుపు దగ్గర అల్లుడు ఇండికేటర్ వేశాడు. టిక్కు టిక్కుమనే ఆ చప్పుడుకు అమ్మాయి కథ ఆపేసింది. వాడు అద్దంలో ఒకసారి మా ఇద్దరినీ చూసి, ఇండికేటర్ తీసేసి, తిన్నగా పోనిచ్చాడు. ఊరు వెనకబడింది. రోడ్డుకు రెండు పక్కలా కనోలా, మన ఆవచేను లాంటిదే, పూసి ఉంది, కనుచూపు మేర పసుపు.