వామన్‌రావు జపాన్ తోకలు

మా వామన్‌రావు నోరు తెరిస్తే చాలు, మాటకో తోక తగిలించేవాడు. అదీ జపాన్ తోక. పైగా ఎప్పుడూ తప్పు తోకే.

ఇది డెబ్బయ్యో దశకం మధ్యలో సంగతి. హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో మా గల్లీకంతా ఒకటే నల్లా. పొద్దున్నే బిందెలు వరుసలో పెట్టి అందరం నిలబడేవాళ్లం. వామన్‌రావు ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. ఆ ఫ్యాక్టరీకి జపాన్ మిషన్లు వస్తున్నాయని తెలిసిన కొన్నాళ్లకే, పాత పుస్తకాల వాడి దగ్గర అట్టలేని జపాన్ భాష పుస్తకమొకటి కొని, నల్లా దగ్గర బడి పెట్టేశాడు.

"జపాన్ భాష మన తెలుగు లెక్కనే భాయ్! మనం ఇంటికి, బస్సుల అంటం గద? వాళ్లు గూడ మాట ఎన్కనే తోక పెడ్తరు. పని చేసేటోనికి 'వా'. దేన్ని అంటే 'ఓ'. యాడికి అంటే 'ని'. దేంట్ల పోతవంటే 'దే'. గంతే!"

అంతవరకు బాగానే ఉండేది. ఉదాహరణ దగ్గరే బండి బోల్తా కొట్టేది.

"చాయ్ వా నేను ఓ తాగుత!"

"అంటే చాయే నిన్ను తాగుతదా?" అని వరుసలో ఉన్న నాగమణమ్మ బిందె కింద పెట్టి మరీ నవ్వేది.

"ఫలక్‌నుమా దే బస్సు ని పోత!"

"ఫలక్‌నుమా ఎక్కి బస్సుకు పోతవా అన్నా? టికెట్ ఎవరిస్తరు?" అనేవాణ్ని నేను.

ఆయనకు సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. నల్లాలో నీళ్లు రాని రోజులుండేవి కానీ, వామన్‌రావు నోట తప్పు రాని రోజు లేదు. ఒకసారి కూరగాయల బండి దగ్గర "వంకాయ వా నన్ను ఓ కొంటది" అంటే, బండివాడు భయపడి "సాబ్ కో క్యా హువా?" అని ఆయన భార్య గోదానే అడిగాడు. "కుఛ్ నై భాయ్, జపాన్ గాలి సోకింది" అందామె.

మా పక్కింటి ఇశ్రాయేలు అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. పనిలో చెయ్యంటే ఆయనదే. కానీ నలుగురిలో నోరు విప్పాలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు బళ్లో లేచి పాఠం చదివితే క్లాసంతా నవ్విందట, ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. కొత్త మిషన్లు వస్తున్నాయన్నప్పుడే, వాటి పని నేర్చుకోవడానికి ఒక ఫిట్టర్ని జపాన్ పంపుతామని ఆయన పేరూ రాసుకున్నారు. కాకపోతే, వచ్చే జపాన్ ఇంజినీరుతో వాళ్ల భాషలో నాలుగు ముక్కలు మాట్లాడాలి.

"జర నేర్చుకోరాదు?" అని భార్య సుశీల బతిమాలింది.

"తప్పు పోతే నవ్వుతరే. నా పేరు తీసేయమని చెప్త."

ఆ మాట గోడ అవతల వామన్‌రావు ఇంట్లోకీ వినిపించింది. నల్లా బడి మొదలైంది ఆ తర్వాతే.

ఒకరోజు నల్లా దగ్గర వామన్‌రావు మళ్లీ చాయ్ చేత తనను తాగించుకుంటున్నాడు. వరుసలో ఉన్న ఇశ్రాయేలుకు ఓపిక నశించింది.

"గట్ల కాదన్నా! 'నేను వా, చాయ్ ఓ'! ఎన్నిసార్లు తప్పు చెప్తవ్ గది?"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. మా నవ్వులన్నీ అప్పటికే వామన్‌రావు మీద ఖర్చయిపోయాయి.

"గిట్లనా? మల్ల చెప్పు తమ్మీ" అని వామన్‌రావు చెవి ఒగ్గాడు.

అప్పట్నుంచి నల్లా బడికి ఇశ్రాయేలే పంతులు. ఈ మొద్దు శిష్యుణ్ని బాగుచేయడానికి ఆ పుస్తకం కూడా ఇంటికి పట్టుకుపోయాడు. తీరా ఇంజినీరు వచ్చిననాడు గడగడా మాట్లాడి, జపాన్ అవకాశం కొట్టేశాడు. గల్లీకంతా పండగే.

ప్రయాణం రోజు ఆటో ఎక్కబోతూ ఇశ్రాయేలు చెయ్యి ఊపాడు.

"పోయొస్తనన్నా! రైలు ని బొంబాయి దే పోతున్న!"

"అయ్యో, రైలు దే! బొంబాయి ని! ఇన్ని దినాలు నేర్పిస్తే..." అంటూ వామన్‌రావు ఠక్కున ఆగిపోయాడు.

"దొరికినవ్ అన్నా!" అంటూ ఇశ్రాయేలు ఆయన్ను గట్టిగా కావలించుకున్నాడు. "నాకు ఎప్పట్నుంచో డౌటే!"

"ఇంట్ల ఒక్క తప్పు పోదు. నల్లా కాడికి రాంగనే నాలుక మెలికపడ్తది" అంది గోదా, నవ్వు ఆపుకోలేక.

వామన్‌రావు తల గోక్కున్నాడు. "గల్లీ ఎట్లయినా ఎవర్నో ఒకర్ని చూసి నవ్వుతది. నన్ను చూసి నవ్వితే నాకేం పోతది తీయ్!"

అలాంటి మనిషిని ఇన్నాళ్లూ పిచ్చోడనుకున్నందుకు మాకు సిగ్గేసింది, మురిపెంగానూ అనిపించింది.

ఆ మురిపెం మర్నాటి పొద్దుటిదాకానే. నల్లా దగ్గరికి వామన్‌రావు హార్మోనియం మోసుకొచ్చి, శ్రుతి లేకుండా గొంతెత్తాడు. గల్లీలో పాడటానికి సిగ్గుపడుతున్నది ఎవరా అని మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.