ఒక్క E తక్కువైన చీరల అంగడి

ఇంగ్లీషు ఎమ్మే చదివి నేను చేసిన ఘనకార్యం ఒకే ఒక్కటి. అది కూడా అచ్చుతప్పు.

పులివెందులలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఉంటే, ప్రొద్దుటూరు నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "పాపా, ఆదివారం వచ్చిపో. ఇంగ్లీషుతో పని పడింది" అంది. మా ఇళ్లలో ఇంగ్లీషుతో పని అంటే మందుసీసా మీద రాసింది చదవడమే. అంతే కదా అనుకుని ముద్దనూరు మీదుగా బస్సెక్కి పోయాను.

చిన్నమ్మకు ఇంటి ముందరి గదిలో చీరల అంగడి పెట్టాలని ఇరవై ఏళ్ల కోరిక. ఆ గది నిండా చిన్నాయన సామాను. జమ్మలమడుగులో ఆయనకు ట్రాక్టర్ స్పేర్ పార్టుల అంగడి ఉండేది. అది మూతపడ్డాక తుప్పు బేరింగులూ తెగిన బెల్టులూ తెచ్చి ఇక్కడ దేవుళ్లను పెట్టినట్టు పెట్టుకున్నాడు. ఎన్నో పోట్లాటల తర్వాత గది ఖాళీ చేస్తానని ఒప్పుకున్నాడు. కానీ షరతు ఉంది. గోనెసంచి తెచ్చి నా ముందర బోర్లించాడు. జానెడేసి స్టీలు అక్షరాలు గలగలమని పడ్డాయి. TRACTOR SPARES. మొత్తం పదమూడు.

"బోర్డు ఈటితోనే పెట్టుకోవాల. కొత్త అక్షరం ఒక్కటి కొన్నా గది ఇయ్యను" అన్నాడు.

"ఇవి చాలవు చిన్నాయనా."

"ఏంది చాలనిది? ఇంగ్లీషులో ఉండేదే ఇరవై ఆరు. పదమూడు నా కాడ ఉండాయి. సగం భాష ఉండాది గదమ్మా!"

ఎమ్మే సిలబస్‌లో లేని లెక్క ఇది.

చిన్నమ్మ వంటింట్లోకి లాక్కుపోయి, "యాదో ఒకటి కుదుర్చు పాపా. ఇప్పుడు రాకపోతే ఆ గది నాకింక రాదు" అంది. నవ్వుతూనే అంది గానీ నా మణికట్టు వదల్లేదు. నాకు చిన్నాయన మీద ఒళ్లు మండింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఈయన చేతిలో అక్షరాలు కూడా ఉన్నాయి.

ఆమెకు కావాల్సింది SAREE. దానికి రెండు E లు కావాలి. ట్రాక్టర్‌లో అసలు E లేదు, స్పేర్స్‌లో ఉన్నది ఒక్కటే. సరేనని అక్షరాలు నేల మీద పరిచి వేరే మాటల కోసం వేట మొదలుపెట్టాను. ఫోనులో అక్షరాలు కొడితే వాటిలోని మాటలు చెప్పే సైటు ఒకటి ఉంది. అదీ తెరిచాను.

"ప్యారట్ వస్తుంది" అన్నాను.

"చిలక జోస్యం చెప్తారనుకుంటారు" అంది చిన్నమ్మ.

"క్యారట్?"

"కూరగాయలా?"

"యాక్ట్రెస్."

"ఎవురు, నేనా?" అని చిన్నమ్మ సిగ్గుపడింది. ఒక్క క్షణం ఆ పేరే ఖాయం చేస్తుందేమోనని భయపడ్డాను.

చిన్నాయన మంచం మీద కూర్చుని, "ట్రాక్టర్ అన్నది అట్లనే ఉండనీ. గట్టి పేరు" అని నడుమ నడుమ సలహా పడేస్తున్నాడు.

సాయంత్రానికి నా ఓపిక అయిపోయింది. ఒక E మింగేసి TOP STAR SARE అని పేర్చాను. పదకొండు అక్షరాలు పట్టాయి. C, R మిగిలాయి.

"ఈ రెండూ?" అన్నాడు చిన్నాయన.

"సైకిల్ రిపేరు అంగడి పెట్టినప్పుడు పనికొస్తాయి, దాచుకో."

ఆ స్పెల్లింగు చూస్తే నాకే సిగ్గేసింది. చదువుకున్నోళ్లు నవ్వుతారని చెప్పాను. "చీర కొననీకి వచ్చినోళ్లు చీర చూస్తారా, స్పెల్లింగు చూస్తారా?" అని చిన్నమ్మ నా నోరు మూయించింది. పులివెందుల పిల్లలెవరూ ఆ వీధికి పోకూడదని మొక్కుకుంటూ బస్సెక్కాను.

అంగడి తెరిచిన రోజే చిన్నమ్మ ఫోన్. "పాపా, ఏం రాసినావు ఆడ?"

మొదటి బేరం ఒక పెద్దామె. బోర్డు కింద నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని, సా-రె అని చదివి లోపలికొచ్చింది. కూతుర్ని అత్తగారింటికి పంపుతున్నాం, సారె కట్టియ్యి అంది. ఇక్కడ చీరలేనని చిన్నమ్మ చెబితే, "బోర్డు మీద సారె అని రాసిపెట్టి లేదంటావేందమ్మా?" అని గొడవపడింది. తొలి బేరం పోగొట్టుకోలేక చిన్నమ్మ బజారుకు పరిగెత్తి గాజులూ పసుపు కుంకుమా తెచ్చింది. పక్కింటామెతో కజ్జికాయలు చేయించింది. చీరా రవికగుడ్డా కలిపి బుట్టకెత్తింది. ఆ వారంలోనే ఇంకో ముగ్గురు వచ్చారు.

రెండు నెలల తర్వాత నేను పోయేసరికి గది నిండా బుట్టలు. చిన్నాయన నన్ను పక్కకు పిలిచి కాగితం పొట్లం విప్పాడు. లోపల తళతళలాడే కొత్త E. "ఆడోళ్లు అడుక్కుంటే ఒక్క అక్షరం కొనియ్యలేదంట అని మా జమ్మలమడుగోళ్లు నవ్వుతాండారమ్మా. పెట్టెయ్యి" అన్నాడు. ఆయన మొహం చూస్తే మొదటిసారి జాలేసింది. స్టూలెక్కాను.

"దిగు పాపా" అంది చిన్నమ్మ. "నా పెండ్లికి మీ అవ్వ కాడ ఏమీ లేక సారె పెట్టలా. చేతులూపుకుంటా వచ్చినానని మా అత్త చచ్చేదాకా ఎత్తిపొడిచింది. ఇప్పుడు ఊరందరి కూతుర్లకు నేనే సారె కడతాండా. ఆ E పెట్టి నా సారెను చీర చెయ్యొద్దు."

నేను దిగాను. చిన్నాయన నా చేతిలోంచి E తీసుకున్నాడు. తర్వాత దాన్ని మూడు కాళ్లూ పైకి వచ్చేట్టు తిప్పి గోడకు తనే మేకులు కొట్టాడు, చేతిసంచులు తగిలించుకోవడానికి. కొట్టి, సుత్తి పక్కన పెట్టి, "మీ అమ్మ పెట్టకపోతేనేం, నేను పెట్టినా గదా సారె. పదమూడు అక్షరాలు" అన్నాడు చిన్నమ్మతో.

"పదకొండు" అంది చిన్నమ్మ. "రెండు నీ కాడనే ఉండాయి."