పత్తికి మంచినీళ్ల పిచికారీ

ఉదయం 7.40కి, పెనుగంచిప్రోలుకు మూడు కిలోమీటర్ల దూరంలో, కౌలురైతు ఏసోబు గారు తన రెండెకరాల పత్తిలో పిచికారీ చేస్తూ కనిపించారు. ఆకుల రసం పీల్చే పచ్చదోమ తక్కువే ఉంది, దాన్ని తినే అక్షింతల పురుగులు చాలినన్ని ఉన్నాయి, మందు వద్దని వ్యవసాయ సహాయకురాలిగా నేను చెప్పి రెండు రోజులే అయింది. కోపంతో గొట్టం లాక్కున్నాను. చేతిపై పడిన చుక్కలకు వాసనే లేదు.

"మంచినీళ్లేనమ్మా," అన్నారాయన గొంతు తగ్గించి. "మందు కొట్టకపోతే చేను గాలికొదిలేశానని భూమి ఆసామి కౌలు మాన్పిస్తాడు. మీ మాటా పోకూడదుగా."

"నీళ్లు కొడుతున్నారా!" అని గట్టిగా అనేశాను.

గట్టు మీద పక్క చేనువాళ్లు పకపకా నవ్వారు. "చూడండ్రా, ఏసోబు పత్తికి స్నానం చేయిస్తన్నాడు!"

సాయంత్రానికి ఆ మాట ఆసామికి చేరింది. పురుగులను లెక్కపెట్టాను గాని, గట్టు మీద ఎవరున్నారో చూడలేదు. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే మనసు నిలవదు.

ఆ పంటకు మందు ఖర్చు లేదు. దోమ వల్ల నష్టం లేదు. నా నోటి వల్ల ఏసోబు గారికి రెండెకరాల కౌలు పోయింది.