రాహుకాలంలో పంపిన కాయిన్లు

ఆర్.ఎస్. పురంలో మా మరదలి జాకెట్ల దుకాణంలో గోడకు దినసరి క్యాలెండరు ఉంది. మా అత్త, అంటే మరదలి తల్లి, అందులో రాహుకాలం తప్ప మరేదీ చదవదు. మా ఇళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం, భయాలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. ఆ భయాల మీద వ్యాసాలు రాస్తూ, సభల్లో గొంతు చించుకుంటూ తల నెరిసినవాణ్ణి నేను. నా పెళ్ళి కూడా పట్టుబట్టి రాహుకాలంలోనే చేసుకున్నాను. ఆ కాపురం ఎట్లా సాగుతోందని అత్త అడిగితే మాత్రం మాట మారుస్తాను.

మరదలు అంటే మా మేనమామ కూతురు. కంప్యూటరు ఎంబ్రాయిడరీ మిషన్ నడుపుతుంది. డిజైన్లు తెరిచే సాఫ్ట్‌వేరుకు ఏడాదికోసారి లైసెన్సు కట్టాలి. అమ్మేవాడు విదేశంలో ఉంటాడు, క్రిప్టో కాయిన్లలో కడితే ధర తగ్గిస్తాడు. అందుకని ఆమె ఫోనులో ఆ కాయిన్లు దాచే వాలెట్ యాప్ పెట్టించింది నేనే. ఆ శుక్రవారం పొద్దున లైసెన్సు గడువు తీరిపోయి డిజైన్లు తెరుచుకోలేదు. సాయంత్రం బస్సుకు ఒక పెళ్ళికూతురి జాకెట్టు దిండిగల్ పోవాలి. దాని చేతులు రెండూ ఇంకా బోసిగా ఉన్నాయి.

"పదిన్నరకు రాహుకాలం. అంతలోపల పంపెయ్ బావా," అంది మరదలు.

నాకు ఆ మాట చాలు. పదిన్నర దాటేదాకా కాఫీ తాగుతూ కూర్చున్నాను.

వాలెట్ తెరిస్తే నెట్‌వర్క్ రుసుము ఎంత ఇస్తావని అడిగింది. ఎక్కువ ఇస్తే త్వరగా పోతుందట. నాలోని ఉపన్యాసకుడు లేచాడు. "చూశావా, ఇది గుళ్ళో స్పెషల్ దర్శనం టికెట్టు లాంటిదే. నేను ధర్మదర్శనం వరుసలోనే పోతాను," అన్నాను. అన్నిటికన్నా తక్కువ రుసుము ఎంచుకుని, దాన్ని కూడా ఇంకొంచెం కోసి, బటను నొక్కాను.

పెండింగ్ అని పడింది. అట్లాగే ఉండిపోయింది.

మళ్ళీ పంపబోతే, మొదటిది తేలేదాకా ఆగమంది. యాప్ మూసి తెరిచాను. ఫోను ఆపి మళ్ళీ వేశాను. సిగ్నల్ కోసం వాకిట్లో నిలబడి ఫోను పైకెత్తి పట్టుకున్నాను. ఫలితం మారుతుందేమోనని ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చెయ్యడాన్ని నా వ్యాసాల్లో జపం అని ఎద్దేవా చేసేవాణ్ణి. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆ పూట నేను సూర్యనమస్కారం చేస్తున్నట్టే కనబడి ఉంటాను.

"పన్నెండు కానీ అల్లుడా, అదే పోతుంది," అంది అత్త చల్లగా.

నేను గడియారం వైపు తిరిగాను. ఇప్పుడిది రాహుకాలం విడిచే పన్నెండులోపల పోయి తీరాలి, లేకుంటే అత్త మాటే గెలుస్తుంది.

"గడియారం ఏంటికి చూస్తావు? ఫోను చూడు," అంది మరదలు. "నీ సిద్ధాంతం గెలిచేదాకా ఆ పిల్ల చేతుల్లేని జాకెట్టుతో పీటల మీద కూర్చోవాలా?"

అప్పుడు గాని చెయ్యాల్సిన పని చెయ్యలేదు. వాలెట్ సహాయం పేజీ చదివాను. నెట్‌వర్క్ రద్దీగా ఉన్నప్పుడు ఎక్కువ రుసుము ఇచ్చినవాటినే ముందు తీసుకుంటారు, నాలాంటివి మూల పడి ఉంటాయి. అదే లావాదేవీని పెద్ద రుసుముతో మళ్ళీ పంపే బటను ఒకటి ఆ పెండింగ్ అన్న మాట పక్కనే ఉంది. నా కళ్ళెదుటే ఉంది. నొక్కాను. క్షణాల్లో పోయింది. లైసెన్సు వచ్చింది.

గడియారంలో పన్నెండు దాటింది.

 అత్త క్యాలెండరు వైపు ఒకసారి చూసి తమలపాకుకు సున్నం రాసుకుంది. నేను నోరు మూసుకుంటే నేరం రాహువు మీద పడుతుంది, నా పరువు దక్కుతుంది. నోరు తెరిస్తే రాహువు నిర్దోషి, మూర్ఖుణ్ణి నేను. ఇన్నేళ్ళ వాదనలో రాహువు తరఫున మాట్లాడాల్సి వచ్చింది అప్పుడే.

"అత్తా, రాహువుకేమీ సంబంధం లేదు. నేనే తక్కువ రుసుము పెట్టాను. బుద్ధి గడ్డి తిన్నది."

"సరి. ఆ బుద్ధి ఎన్ని గంటలకు పుట్టింది?" అంది అత్త.

నేను నోరు తెరవబోతుండగా మరదలు నన్ను పక్కకు జరిపి, జాకెట్టు చేతిని బిగించి, మిషన్ వేసింది. ఆ సూదుల మోతలో నేనేమి చెప్పినా ఎవరికీ వినపడేది కాదు. అందుకు సంతోషించాను.